కౌసల్యమ్మ ఎయిర్‌పోర్టు మోడల్ ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు, ఆ ఇల్లు ఎవరి చేత కట్టించాలో మాత్రం చెప్పకుండా చల్లగా జారుకున్నారు. ఆ ఒక్క ముక్క కూడా చెప్పి పోయి ఉంటే కౌసల్యమ్మకు ఇన్ని తిప్పలు ఉండేవి కావు. చెప్పినా వినేదని కాదు. కౌసల్యమ్మ వినే మనిషైతే ఈ కథే లేదు.

శంషాబాద్ పక్కన, విమానాలు దిగే దారిలో ఉంటుంది వాళ్ల ఊరు. ఎయిర్‌పోర్టు తెరిచిన కొత్తలో ఒక్కో విమానానికి ఊరంతా తలెత్తి చూసేది, కోళ్లు గంపల కిందికి దూరేవి. రెండేళ్లు తిరిగేసరికి మనుషుల సంగతి అటుంచి కోళ్లు కూడా లెక్కచేయడం మానేశాయి. కానీ ఆ రెండేళ్లలో ఊళ్లో ఒక కొత్త జాతి పుట్టింది. ఎయిర్‌పోర్టు పనుల్లో తట్ట మోసినవాడు మేస్త్రీ అయ్యాడు. మేస్త్రీ కంట్రాక్టర్ అయ్యాడు. గేటు బయట నిలబడి బీడీ కాల్చినవాడు సైతం "ఆ ఎయిర్‌పోర్టు మేము కట్టిందే" అనడం మొదలుపెట్టాడు.

రాఘవేందర్ ఈ చివరి రకానికి దగ్గరివాడు. అక్కడ అతను చేసిందల్లా దుమ్ము లేవకుండా నీళ్లు చల్లే ట్యాంకర్ తోలడం. ఆ సంగతి ఊరికి చాలా ఆలస్యంగా తెలిసింది. ముందు కనిపించినవి అతని మెడలో వేలాడే ఫోటో కార్డు, నల్ల కళ్లద్దాలు, కొత్త మోటారు సైకిలు.

ఇక కౌసల్యమ్మ సంగతి. ఆమె మొగుడు మొగులయ్య. ఎయిర్‌పోర్టుకు పోగా మిగిలిన కాస్త చెలకలో టమాటా, బీర వేసుకుని, ఎవరి జోలికీ పోని మనిషి. అతని అన్న యాదగిరిది పక్క ఇల్లే. యాదగిరి భార్య చంద్రమ్మ. ఆమె, కౌసల్యమ్మ తోడికోడళ్లు. ఆ ఊరి మాటలో యారాండ్లు. ఒకే అత్త చేతి కింద మెలిగినవాళ్లు, ఒకే బావిలో నీళ్లు చేదుకున్నవాళ్లు. అలాంటి ఇద్దరి మధ్య ఉండాల్సినవన్నీ వాళ్ల మధ్యా ఉన్నాయి.

యాదగిరి దాబా ఇల్లు కట్టాడు. అంతే, ఆ రోజు నుంచి చంద్రమ్మ కిందికి దిగి మాట్లాడటం తగ్గించింది. పక్క పెంకుటింటి వాకిట్లో కౌసల్యమ్మ అంట్లు తోముకుంటూ ఉంటే, ఆమె దాబా మీద బట్టలారేస్తూ పలకరించేది. "ఏం కూర వండినవే?" అనే మామూలు మాట కూడా పైనుంచి వచ్చి పడేసరికి కౌసల్యమ్మకు నెత్తిన మొట్టికాయ వేసినట్టుండేది. పెంకుటిల్లు పడగొట్టి కొత్త ఇల్లు కట్టాల్సిందేనని మొగుడి ప్రాణం తోడింది. చివరికి ఓ చలికాలం పెంకుటిల్లు నేలమట్టం అయింది.

ఇల్లు లేచేదాకా ఉండటానికి చంద్రమ్మ తన ముందర అర్ర, అంటే ముందు గది, ఇచ్చింది. కిరాయి అడగలేదు. అడిగి ఉంటే కౌసల్యమ్మకు ప్రాణం హాయిగా ఉండేది. కిరాయికి బదులుగా చంద్రమ్మ ఒక మాట వసూలు చేసుకునేది. ఇంటికి ఎవరొచ్చినా ముందర అర్ర వైపు చూపించి, "మా కౌసల్య ఉంటున్నదిల్ల, పాపం" అనేది. ఆ "పాపం" విన్న ప్రతిసారీ కౌసల్యమ్మ పళ్లు నూరుకునేది. శ్రావణంలో గృహప్రవేశం చేసి ఈ అర్రలోంచి తలెత్తుకుని బయటపడాలి. ఆమెకు ఈ లోకంలో ఇంకో కోరిక లేదు.

"అన్న దాబా కట్టిన మల్లేశ్వర్ మేస్త్రీనే అడుగుదాం. షాద్‌నగర్‌ల ఉంటడు. పనిమంతుడు," అన్నాడు మొగులయ్య.

"అక్క ఇల్లు కట్టినోడా? ఆ ఎంగిలి మేస్త్రీ నాకెందుకు? రేపు ఇల్లు మంచిగొస్తే, మా మేస్త్రీ కట్టిండు అంటది. నా ఇంట్ల నేను ఆమె పేరు మోస్కుంట కూసోవాల్నా?"

మొగులయ్య నోరు మూసుకున్నాడు. అతనికి బాగా వచ్చిన పని అది. మరునాడే కౌసల్యమ్మ కబురందిన రాఘవేందర్ మోటారు సైకిలు వాకిట్లో ఆగింది.

"మల్లేశ్వర్‌ది పాత చెయ్యి అక్కా. గోడ కట్టుమంటే గోడ కడ్తడు, అంతనే. నాది ఎయిర్‌పోర్టు మోడల్. గసొంటి ఇల్లు ఈ ఊర్లె ఒక్కటి లేదు."

"అక్క దాబా కంటె ఎత్తుంటదా?"

"ఎంత ఎత్తు గావాలె?"

"ఒక్క మెట్టెక్కువుంటే సాలు."

"రెండు మెట్లు పెడ్త, పో!"

ఇంతకుముందు ఏ ఊళ్లో ఏ ఇల్లు కట్టావని అడగాలని ఎవరికీ తోచలేదు. అడగడానికేముంది, తలెత్తితే ఎయిర్‌పోర్టు దీపాలు కనబడుతూనే ఉన్నాయి. పసుపు కుంకుమ పెట్టి, బయానా డబ్బు చేతిలో పోసి, కొబ్బరికాయ కొట్టారు.

రాఘవేందర్ రెండు మెట్లు ఎక్కువ పెడతానన్న మాట నిలబెట్టుకున్నాడు. కాకపోతే మొదటి మెట్టు మోకాలెత్తు వచ్చింది, చివరి మెట్టు బెత్తెడే వచ్చింది. వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా స్తంభం. స్నానాల గది తలుపు సగం తెరుచుకుని కుళాయికి కొట్టుకునేది. లోపలికి పోవాలంటే పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి పోవాలి. హాల్లో మేకు కొట్టి క్యాలెండర్ తగిలిస్తే, అది గోడను ఆనకుండా గాలిలో వేలాడింది. క్యాలెండర్ నిటారుగానే ఉంది. వంగింది గోడ.

ఏది అడిగినా రాఘవేందర్ దగ్గర జవాబు సిద్ధం. "ఎయిర్‌పోర్టుల గిట్లనే ఉంటది అక్కా."

కౌసల్యమ్మ ఎయిర్‌పోర్టు లోపలికి ఎన్నడూ పోలేదు. అది తెరిచాక లోపలికి పోయినవాళ్లెవరూ ఆ ఊళ్లో లేరు. కాబట్టి అక్కడి స్నానాల గదుల్లో కూడా మనుషులు పక్కకు తిరిగే పోతారని నమ్మక తప్పలేదు.

ఒకనాడు మొగులయ్య ఇసుక కుప్ప దగ్గర చాలాసేపు కూర్చుని లేచాడు. మట్టిని కడిగి ఇసుక పేరుతో అమ్మేవాళ్లు అప్పట్లో చుట్టుపక్కల మస్తుగా ఉండేవాళ్లు. రాఘవేందర్ దించింది అలాంటి సరుకే. రెండు వానలు పడగానే ఆ కుప్ప మీద పచ్చగా గడ్డి మొలిచింది.

"ఇసుకల గడ్డి మొలుస్తదా తమ్మీ?" అని అడిగాడు మొగులయ్య.

"మంచి ఇసుక అన్నా. బలమున్నది," అన్నాడు రాఘవేందర్.

ఇవన్నీ కౌసల్యమ్మకు తెలియవా? అన్నీ తెలుసు. కానీ ఏం చేస్తుంది? సాయంత్రమయ్యేసరికి చంద్రమ్మ చేతులు వెనక్కి కట్టుకుని ఇల్లు చూడటానికి వచ్చేది. ఆమె ముందు ఒక్క వంక బయటపెట్టినా ఇంకేమన్నా ఉందా? ఆ "పాపం" అన్న మాట శంషాబాద్ దాటి షాద్‌నగర్ దాకా పోతుంది. అందుకని కౌసల్యమ్మ తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది. చంద్రమ్మ వచ్చే వేళకు క్యాలెండర్ తీసేసేది. గోడ పగులు మీద చీర ఆరేసేది. నెర్రె ఇచ్చిన నేల మీద బియ్యం బస్తా జరిపి, తను దాని మీద కూర్చునేది.

"గీ మెట్టేందే గింతున్నది?" అంది ఒకసారి చంద్రమ్మ, చీర ఎత్తిపట్టుకుని మొదటి మెట్టు మీద కాలు వేయలేక.

"మోకాళ్లకు మంచిదంట అక్కా. ఎయిర్‌పోర్టు మోడల్."

"గీ కిటికీల కెళ్లి స్తంభం తప్ప ఏం కనవడ్తలేదు?"

"ఎండ లోపలికి రావొద్దని పెట్టిండు. ఎయిర్‌పోర్టు మోడల్."

చంద్రమ్మ ముక్కు మీద వేలేసుకుంది. ఆ వేలు అక్కడే ఉండగా ఆమె కళ్లలో ఒక చిన్న మంట మెరవడం కౌసల్యమ్మ చూసింది. ఈర్ష్య! ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన ఈర్ష్య. ఆ రాత్రి ముందర అర్రలో కౌసల్యమ్మకు మంచి నిద్ర పట్టింది. మరునాటి నుంచి ఇంటి గొప్పలు ఇంకో గుప్పెడు ఎక్కువ వేసి చెప్పడం మొదలుపెట్టింది. పైన పటారం, లోన లొటారం అంటారే, అది అచ్చంగా ఆ ఇల్లే.

అన్నిటికంటే పెద్ద పాపం స్లాబు పోసిన కొత్తలోనే జరిగిపోయింది. స్లాబు పోశాక కింద ఆసరాగా నిలిపిన కర్రలు, రేకులు సిమెంటు గట్టిపడేదాకా కదిలించకూడదు. రాఘవేందర్‌కు తుక్కుగూడలో ఇంకో ఇంటి పని ఒప్పుకున్న తొందర. కొత్త కర్రలు కిరాయికి తేవడం దండగనుకున్నాడు. వారం కూడా నిండకముందే ట్రాలీ తెచ్చి, కర్రలన్నీ పీకి ఎక్కించాడు.

"గింత జల్ది తీస్తరా తమ్మీ?" అన్నాడు మొగులయ్య.

"ఎయిర్‌పోర్టుల అసల్ పెట్టనే లే అన్నా," అంటూ ట్రాలీ వెనక వెళ్లిపోయాడు రాఘవేందర్.

ఆ తర్వాత స్లాబును తడపడానికి నీళ్లు ఎటు పోసినా నడుమకే చేరుతున్నాయని మొగులయ్య చెప్పాడు. కింద హాల్లో నిలబడి చూస్తే నడిమధ్యన చేటంత తడి మరక. ఈ మూల నుంచి ఆ మూలకు సన్నటి చీలిక. కౌసల్యమ్మ దాన్ని చూసింది, చూడనట్టు తల తిప్పుకుంది. సున్నం వేస్తే కనబడదు అనుకుంది. కొత్త ఇల్లన్నాక సర్దుకుంటుంది అనుకుంది. శ్రావణం ఎంతో దూరం లేదు అని కూడా అనుకుంది. మనిషి తనకు తాను చెప్పుకునే అబద్ధాలకు మేస్త్రీ అక్కర్లేదు.

ఒక పొద్దున చంద్రమ్మ చాయ్ గిలాసతో ముందర అర్రలోకి వచ్చింది. ఆమె తనంత తాను చాయ్ తేవడం అరుదు. కౌసల్యమ్మకు అనుమానం వచ్చింది.

"నీకొక ముచ్చట జెప్పాలె," అంది చంద్రమ్మ, కొంగు సర్దుకుంటూ. "మా దాబా మీద ఇంక రెండు అర్రలు లేపుతున్నం. నీ రాఘవేందర్‌కే ఇచ్చిన. బయానా గూడ ముట్టింది. ఎయిర్‌పోర్టు మోడల్ నీకొక్కదానికేనా?"

కౌసల్యమ్మ గిలాస కింద పెట్టేసింది. చాయ్ చల్లారిపోయింది.

చంద్రమ్మ వెళ్లాక ఆమె తన కొత్త ఇంటి హాల్లోకి పోయి నిలబడింది. తలెత్తి ఆ చీలికను చూసింది. ఇన్నాళ్లూ తన నెత్తి మీద అనుకున్నప్పుడు ఎలాగో సర్దుకుపోయిన ఆ కప్పు, చంద్రమ్మ నెత్తి మీద అనుకోగానే ఒళ్లు జలదరించేలా కనబడింది. బావ యాదగిరి పగలంతా నడుం వాల్చేది ఆ దాబా కిందే. చంద్రమ్మ బియ్యం ఏరేది ఆ దాబా కిందే. కూలితే? కూలితే అది ఎవరు కూల్చినట్టు? రాఘవేందర్ కట్టినందుకు కూలుతుంది, నిజమే. కానీ వాణ్ని ఆ ఇంటి గడప ఎక్కించింది తన గొప్పలే. కౌసల్యమ్మకు భయం వేసింది. సిగ్గు కూడా వేసింది. ఏది ఎక్కువో ఆమెకే తెలియలేదు.

చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే ప్రాణాలు పోతాయి. పొయ్యి మీద కూర మాడిపోయేదాకా ఆలోచించి, చివరికి లేచి చంద్రమ్మ వంటింట్లోకి నడిచింది.

"అక్కా, రాఘవేందర్‌కు ఇయ్యకు. వాని పని మంచిగ లేదు."

చంద్రమ్మ ఉల్లిగడ్డ కోస్తున్న కత్తి ఆపింది. "ఏందీ?"

"నా ఇల్లు మంచిగ రాలేదక్కా. గోడలు వంగినయి. స్లాబు పగిలింది. నేనే దాచిపెట్టిన."

"ఓహో!" అంది చంద్రమ్మ. "ఇన్నొద్దులు ఎయిర్‌పోర్టు మోడలు, ఎయిర్‌పోర్టు మోడలని నా చెవులు తిన్నవు. నేను కట్టుకుంటనంగనే చెడ్డదైందా? నేను ఇంకింత ఎత్తుకు పోతనని నీ కడుపుల మండుతున్నది. నాకెర్క లేదనుకున్నవా?"

"నీ మీద ఒట్టక్కా. రా, సూపిస్త."

చేయి పట్టుకుని తీసుకుపోయింది. చీర తీసి గోడ పగులు చూపింది. బస్తా జరిపి నేల నెర్రెలు చూపింది. తల పైకెత్తించి చీలిక చూపింది. చంద్రమ్మ అన్నీ చూసి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"గడ్డపార తోని నువ్వే కొట్టినవేమో! ఎవలకు తెల్సు?"

కౌసల్యమ్మకు ఏడుపు వచ్చింది, దాని వెనకే నవ్వు వచ్చింది. అబద్ధం చెప్పినన్నాళ్లూ ఒక్క మాట కూడా తోసిపుచ్చకుండా నమ్మిన మనిషి, నిజం చెబితే నమ్మదాయె. సొంత ఇంటి స్లాబును గడ్డపారతో పగలగొట్టుకునేంత ఈర్ష్య తనకు ఉందని అనుకుంటోంది. తప్పు ఆమెది కాదు. తనే చంద్రమ్మ స్థానంలో ఉంటే అచ్చం అదే అనేది.

రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. మూడో రోజు వాకిట్లో నులక మంచం బిగించుకుంటున్న మొగులయ్యను చూస్తుంటే కౌసల్యమ్మకు చనిపోయిన అత్త గుర్తొచ్చింది. ఆ ముసలిది మంచం అల్లినవాడికి ఊరికే గింజలు పెట్టేది కాదు. ముందు అల్లినవాడు దాని మీద పడుకుని, అటూ ఇటూ దొర్లి లేవాలి. ఆ తర్వాతే ఇంటివాళ్లు పండేది, ఆ తర్వాతే వాడికి కొలిచేది. "కట్టినోని నడుం ఆనందే నా నడుం ఆనది" అనేది. అత్త మాటంటే ఇద్దరు కోడళ్లకూ ఇప్పటికీ హడలే.

కౌసల్యమ్మ మళ్లీ చంద్రమ్మ దగ్గరికి పోయింది. "నా మాట నమ్మకు. అత్త రివాజన్న నమ్ముతవా? కట్టినోన్ని ముందుగాల పండవెడ్దాం. వాడు నా స్లాబు కింద ఒక్క కునుకు తీస్తే, నేను నోరు మూస్కుంట. నువ్వు రెండు అర్రలు గాదు, నాలుగు కట్టుకో."

చంద్రమ్మ అత్త పేరు కాదనలేకపోయింది. "సరె, పిల్వు," అంది.

యాట మాంసం కూరతో దావత్ భోజనం అనగానే రాఘవేందర్ పిలిచిన వేళ కంటే ముందే దిగాడు. ముసురు పట్టిన ఆదివారం అది. ఇంటి ముందు టార్పాలిన్ కట్టి, దాని కింద చాపలు పరిచారు. యాదగిరి, మొగులయ్య, యారాండ్లిద్దరు, వీధి అవతలి ఇంటి రాములమ్మ ఉన్నారు. రాములమ్మను ఎవరూ పిలవలేదు. దావత్ వాసన పిలిచింది. రాఘవేందర్ మెడలో కార్డు వేలాడుతుండగా మూడుసార్లు కూర వేయించుకుని, మూలుగు బొక్క చప్పరించి, తృప్తిగా తేన్చాడు.

అప్పుడు మొగులయ్య నులక మంచం ఎత్తుకొచ్చి హాలు నడిమధ్యన, సరిగ్గా ఆ తడి మరక కింద వేశాడు.

"జర నడుం వాల్చు తమ్మీ," అంది కౌసల్యమ్మ. "మా అత్తగారి రివాజు. కట్టినోడు పండి లేస్తెనే ఇంటోళ్లకు బర్కత్, అంతా కలిసొస్తది."

రాఘవేందర్ మంచాన్ని చూశాడు, పైకి చూశాడు, మళ్లీ మంచాన్ని చూశాడు. "నాకు పగటిపూట నిద్ర రాదక్కా."

"మొన్న ఇటుకల మీద గుర్రు పెట్టినవు గద," అన్నాడు మొగులయ్య. ఆ ఏడాదంతా అతను అన్న మాటల్లో ఇదే పదునైనది. భార్య అతని వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"తుక్కుగూడల సైటున్నదన్నా, పోవాలె."

"సైటేమన్న రెక్కలు గట్టుకోని ఎగిరిపోతదా?" అంది రాములమ్మ, బొక్క చప్పరిస్తూ.

రాఘవేందర్ లేచి లోపలికి పోయాడు. పోయి మంచాన్ని మెల్లగా గుమ్మం వైపు లాగాడు. "గీడ గాలొస్తది అక్కా."

చంద్రమ్మ గొంతు సవరించుకుంది. "నడుమల ఎయ్యి. రేపు నా ఇంటి మీద కట్టేది గూడ నువ్వే. నన్ను సూడనియ్యి."

ఇక తప్పలేదు. మంచం నడుమకు పోయింది. రాఘవేందర్ దాని అంచున కూర్చుని, అట్లాగే వెనక్కి వాలాడు. కాళ్లకు చెప్పులు అలాగే ఉన్నాయి. నల్ల కళ్లద్దాలు తీశాడు గానీ కళ్లు మూయలేదు. చీలిక వైపే చూస్తున్నాడు. స్లాబులో ఎన్ని ఇనుప కడ్డీలు వేశాడో, ఎన్ని వేయలేదో ఆ ఊళ్లో తెలిసింది అతనొక్కడికే. చెమట పట్టింది. టార్పాలిన్ కింద అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. అందరికంటే ఎక్కువ భయపడుతున్నది కౌసల్యమ్మ. వాడు కునుకు తీశాడో, తన మాట అబద్ధమవుతుంది, చంద్రమ్మ నెత్తి మీద స్లాబు లేస్తుంది. మరోపక్క, అన్నం పెట్టి పడుకోబెట్టిన మనిషి మీద నిజంగానే కప్పు కూలితే ఆ పాపం ఎవరికి? ఏ దేవుణ్ణి ఏమని మొక్కాలో తోచక, పోచమ్మకు రెండు రకాలుగానూ మొక్కేసింది.

అంతలో మబ్బుల్లోంచి ఒక విమానం దిగింది. రోజూ దిగేదే. ముసురు వల్ల కాస్త కిందుగా వచ్చినట్టుంది, చప్పుడు గుండెల మీదుగా పోయింది. కిటికీ రెక్కలు గడగడలాడాయి. స్లాబు నుంచి చిటికెడు సిమెంటు పొడి రాలి రాఘవేందర్ ముక్కు మీద పడింది.

"ఓరి నాయనో! పడ్తున్నదిరో!"

మంచం ఖాళీ అయింది. మనిషి గుమ్మం దాటి, టార్పాలిన్ తాడు తెంపుకుని, మోటారు సైకిలు దాటి, వేపచెట్టు అవతల వాననీళ్ల గుంటలో తేలాడు. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఒంగి నిలబడ్డాడు. విమానం తన దారిన తాను దిగిపోయింది. కోళ్లు వాకిట్లో మెతుకులు ఏరుకుంటూనే ఉన్నాయి. ఇల్లు కూడా, పాపం, నిలబడే ఉంది.

చంద్రమ్మ లేచి నిలబడింది. "విమానం, రాఘవేందర్," అంది తాపీగా. "ఎయిర్‌పోర్టు కట్టినోనివి, విమానం సప్పుడు తెల్వదా?"

రాములమ్మ మొదలుపెట్టిన నవ్వు వీధి చివరిదాకా పోయింది. యాదగిరి కడుపు పట్టుకుని చాప మీద దొర్లాడు. చంద్రమ్మ నవ్వలేదు. వానలో నడిచిపోయి, మోటారు సైకిలుకున్న తాళంచెవి తీసి బొడ్లో దోపుకుంది.

"నా బయానా తెచ్చి తాళం తీస్కపో. నా యారాలి లెక్క గూడ తేల్చిపో," అంది.

రాఘవేందర్ చెప్పుల్లో బురద చప్పుడు చేస్తూ సడక్ దాకా నడిచి పోయాడు. మరో వారానికి బావమరిదిని పంపి, సగం లెక్క తేల్చి, బండి విడిపించుకున్నాడు. మిగతా సగం ఇప్పటికీ తేలలేదు.

షాద్‌నగర్ నుంచి మల్లేశ్వర్ మేస్త్రీని పిలిపించారు. ఈసారి ఎంగిలి సంగతి కౌసల్యమ్మ ఎత్తలేదు. అతను ఇల్లంతా తిరిగి చూసి, స్లాబు దించాల్సిందేనని, రెండు గోడలు కూడా పోతాయని, దీపావళి దాటితే గానీ కొత్త కప్పు లేవదని చెప్పాడు. చెప్పి, ఇసుక కుప్ప మీది గడ్డి వైపు చూసి, పశువులకు కోసుకొమ్మన్నాడు. స్లాబు పగలగొడుతుంటే కౌసల్యమ్మ ముందర అర్రలో తలుపు వేసుకుని కూర్చుంది. ఆ సుత్తి దెబ్బలు ఒక్కొక్కటీ ఆమె వీపు మీదే పడుతున్నట్టుండింది. ఇన్నేళ్ల ఆశ ముక్కలై ట్రాక్టర్లో వెళ్లిపోయింది. ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

ఏడుపు కంటే పెద్ద బాధ ఇంకొకటుంది. దావత్ రోజు నుంచి చంద్రమ్మ ఈ ఊసే ఎత్తలేదు. దెప్పలేదు, ముక్కు మీద వేలేసుకోలేదు. కౌసల్యమ్మను ఆ మౌనం పరేషాన్ చేసింది. తిట్టేస్తే ఒక బరువు దిగిపోయేది. లోపల దాచి పెట్టుకుంటోంది, నలుగురిలో తీస్తుంది అనుకుంది.

నలుగురు దొరకనే దొరికారు. శ్రావణంలో తుక్కుగూడ చుట్టాల ఇంట్లో పిల్లవాడి పుట్టెంటుకలు తీసే పండుగ. చుట్టపక్కాలంతా చేరారు. ఆడవాళ్ల పంక్తిలో యారాండ్లిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. రాములమ్మ ఎదుటి పంక్తిలో ఉంది. ఆమె ఉన్నచోట ఏ కబురూ ఆగదు. విస్తళ్లలో అన్నం పడీ పడకముందే ఒక పెద్దావిడ అందుకుంది.

"ఏం కౌసల్యా, శ్రావణంల గృహప్రవేశమన్నవు, పిలుపే రాకపాయె! ఇల్లు కూలగొట్టిన్రంట గద? నిజమేనా?"

పంక్తి పంక్తంతా తినడం ఆపింది. కౌసల్యమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. ఇక అయిపోయింది, అనుకుంది. పక్కన చంద్రమ్మ గొంతు సవరించుకోవడం వినబడింది. ఇన్నాళ్లూ దాచినది ఇప్పుడు తీస్తుంది. కౌసల్యమ్మ తల దించుకుంది.

"నేనే కూలగొట్టిచ్చిన," అంది చంద్రమ్మ.

"నువ్వా! ఎందుకు?"

"ఎందుకేంది? ఇల్లయిపోతే ఇది పోతది. పొద్దున లేస్తె నాకు కొట్లాడనీకె ఎవరు దొరుకుతరు? మా ఇంటాయన తోని కొట్లాడుదామంటె ఆయన నిద్రే లేవడాయె. నేనే పోనిస్తలేను, ఇంకో ఏడాదుండుమన్న."

ఆడవాళ్లంతా ఘొల్లుమని నవ్వారు. రాములమ్మ నోరు తెరిచింది గానీ, చంద్రమ్మ ఆమె వైపు చూసిన చూపుకు మళ్లీ మూసుకుని పప్పు కలుపుకుంది. కబురు అటు నుంచి పిల్లవాడి గుండు మీదికి, అక్కడి నుంచి కొత్త చీరల మీదికి పోయింది.

కౌసల్యమ్మకు అన్నం మెతుకులు కనబడటం లేదు, కళ్లు అంతగా నిండాయి. ఎడమచేత్తో కొంగు లాక్కుని తుడుచుకుంది. తన ఆకులోని మంచి కూరముక్క ఒకటి తీసి చంద్రమ్మ ఆకులో వేసింది.

"ఏడాది గాదక్కా, రెండేండ్లుంట," అంది.

"అంత ఆశ పడకు," అంది చంద్రమ్మ ముక్క నములుతూ.